గేరు తప్పి అతిగా తిరిగిన ఇంజిన్: నష్టాన్ని తేల్చుకోవడం, మార్చిన ఇంజిన్‌ను దారికి తేవడం

విశాఖపట్నం దగ్గరి సింహాచలం ఘాట్ రోడ్డులోనో, అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగే మలుపుల్లోనో మూడో గేరు వేయబోయి మొదటి గేరు వేసినవారు ఇప్పుడేం చేయాలని అడుగుతున్నారు. ఇంజిన్ మార్పించుకున్న తరువాత కూడా బండి దారికి రాక షెడ్డు చుట్టూ తిరుగుతున్నవారు అంతకంటే ఎక్కువగా అడుగుతున్నారు. ఈ రెండింటినీ కలిపి ఒకే వరుసలో చెప్పడానికి కారణం ఉంది. మార్చిన ఇంజిన్ మొరాయించినప్పుడు చాలాసార్లు తప్పు ఆ ఇంజిన్‌లో ఉండదు. పాత ఇంజిన్ నుంచి విప్పి దానికి తగిలించిన సెన్సార్లలోనో, పైపుల్లోనో, ఆయిల్ కూలర్‌లోనో, వైరింగ్‌లోనో ఉంటుంది. కాబట్టి మొదటి ఇంజిన్ ఎలా పోయిందో తెలియకుండా రెండో ఇంజిన్‌కు డబ్బు కట్టకండి.

1. ఏ రకంగా అతిగా తిరిగిందో ముందు తేల్చుకోండి

ఇంజిన్ ఎర్రగీత (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎంను, చూపే టాకోమీటర్ మీది హద్దు గుర్తు) దాటడానికి మూడు దారులు ఉన్నాయి, మూడింటి నష్టమూ ఒకటి కాదు.

మొదటిది, న్యూట్రల్‌లోనో గేరులోనో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రైజ్ చేయడం. నేటి బండ్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఒక హద్దు దగ్గర పెట్రోల్ లేదా డీజిల్ సరఫరాను ఆపేస్తుంది కనుక దీనివల్ల తక్షణ వినాశనం అరుదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ తక్కువగా ఉన్నప్పుడు అలా రైజ్ చేస్తే మాత్రం బేరింగులు అరిగిపోతాయి.

రెండోది, వేగంలో ఉండగా తక్కువ గేరు పడటం. ఇక్కడ ఈసీయూ ఏమీ చేయలేదు. ఇంధనం ఆపినా చక్రాలే గేరుబాక్సు ద్వారా ఇంజిన్‌ను తిప్పుతాయి. ఒక బండి మూడో గేరులో ప్రతి 1000 ఆర్‌పీఎంకు 20 కి.మీ. వేగం, మొదటి గేరులో 7.5 కి.మీ. వేగం ఇస్తుందనుకుందాం. ఘాట్ దిగుతూ గంటకు 60 కి.మీ. వేగంతో మూడో గేరులో ఉంటే ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. అదే వేగంలో మొదటి గేరు పడి క్లచ్ వదిలితే 8000కు చేరుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6000 నుంచి 9000కు పోతే అది ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది.

మూడోది డీజిల్ బండ్లకే ప్రత్యేకం. టర్బో సీలు పోయి ఇంజిన్ ఆయిల్ ఇన్‌టేక్‌లోకి చేరితే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుంటూ తనంతట తాను రైజ్ అవుతుంది. తాళం చెవి తిప్పి ఆఫ్ చేసినా ఆగదు. సైలెన్సర్ నుంచి తెల్లని, నీలిరంగు పొగ కమ్ముకొస్తుంది. మాన్యువల్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఇంజిన్‌ను చచ్చేలా చేయాలి. అది కుదరకపోతే బండి దిగి దూరంగా జరగండి. ముక్కలు ఎగిరే అవకాశం ఉన్న ఇంజిన్ మీదకు వంగి చూడకండి.

మీ బండికి లెక్క కట్టుకోవడం తేలిక. ఖాళీ రోడ్డు మీద మొదటి గేరులో 20, మిగతా గేర్లలో 40 కి.మీ. వేగం దగ్గర టాకోమీటర్ ఎంత చూపుతోందో పక్క సీటులోని మనిషి చేత రాయించుకోండి. వేగం రెట్టింపయితే ఆర్‌పీఎం రెట్టింపవుతుంది. గేరు తప్పినప్పటి వేగం గుర్తుంటే, ఇంజిన్ ఎంత దాకా పోయిందో కాగితం మీదే తేలుతుంది. ఎర్రగీతను కొద్దిగా దాటి, ఒక్క క్షణంలో క్లచ్ తొక్కేసి ఉంటే బతికే అవకాశం ఎక్కువ. మూడింట ఒక వంతు దాటి ఉంటే, బండి మామూలుగా నడుస్తున్నట్టు కనిపించినా లోపల చూడవలసిందే.

2. జరిగిన వెంటనే చేయవలసింది

క్లచ్ తొక్కండి, న్యూట్రల్ చేయండి, పక్కకు ఆపండి, ఇంజిన్ ఆఫ్ చేయండి. ఘాట్‌లో ఇంజిన్ ఆఫ్ చేస్తే బ్రేకు, స్టీరింగు బరువెక్కుతాయి కనుక పూర్తిగా ఆగిన తరువాతే ఆఫ్ చేయాలి. వెనక చక్రానికి రాయి పెట్టాలి.

తరువాత అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని సెల్ఫ్ కొడతారు. వాల్వు వంగి పిస్టన్‌కు తగులుతున్న ఇంజిన్‌ను సెల్ఫ్‌తో తిప్పితే, ఒక వాల్వుతో పోయే ఖర్చు పిస్టన్, హెడ్, బోర్ దాకా వెళుతుంది. లోపల లోహపు చప్పుడు వినిపించినా, ఆయిల్ లైటు వెలిగినా, ఒక్కసారిగా పికప్ పడిపోయినా అక్కడి నుంచి ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లండి. గేరులో ఉంచి తాడు కట్టి లాగించకండి.

3. పరీక్షకు కావలసిన సామగ్రి

- ఈసీయూలోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్. లైవ్ డేటా (ఇప్పటి అంకెలు), ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం వచ్చిన క్షణంలోని అంకెలు) రెండూ చూపేది
- కంప్రెషన్ గేజీ. డీజిల్‌కు వేరుగా ఎక్కువ ఒత్తిడి తట్టుకునేది
- లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి ఎక్కించిన గాలి ఎంత లీకవుతోందో చూపేది), దానికి గాలి ఇచ్చే కంప్రెసర్
- సెల్‌ఫోన్‌కు తగిలించే సన్నటి బోరోస్కోప్ కెమెరా
- ఆయిల్ ఫిల్టర్ కోసే కట్టర్, తెల్ల కాగితం, చిన్న అయస్కాంతం
- మల్టీమీటర్, టార్క్ రెంచ్
- మీ మోడల్ సర్వీసు మాన్యువల్

చివరిది లేకుండా మిగతావి ఉండి ఉపయోగం తక్కువ. గాజువాక ఆటోనగర్‌లో ఇవన్నీ ఉన్న షెడ్లు దొరుకుతాయి. పని అప్పగించే ముందు లీక్‌డౌన్ టెస్టర్ ఉందా అని అడిగితే ఆ షెడ్డు పనితీరు సగం తెలిసిపోతుంది.

4. పరీక్షల వరుస

ఈ వరుసను మార్చకండి. ఇంజిన్‌కు తక్కువ హాని చేసే పరీక్ష ముందు, హెడ్ విప్పే పని చివర వచ్చేలా పేర్చినది ఇది.

4.1 స్కానర్. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి కోడ్లు చదవండి. పీ0219 అంటే ఇంజిన్ హద్దు మీరి తిరిగినట్టు ఈసీయూ స్వయంగా నమోదు చేసిందని అర్థం. పీ0300 నుంచి పీ0304 వరకు ఉన్నవి మిస్సింగ్‌ను (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని), పీ0016 కామ్‌షాఫ్టుకూ క్రాంక్‌కూ మధ్య టైమింగ్ పొత్తు తప్పడాన్ని చెబుతాయి. కోడ్లు చెరిపేయడానికి ముందే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోటో తీసుకోండి. ఆ క్షణంలో ఆర్‌పీఎం, వేగం ఎంతో అందులో ఉంటాయి. షెడ్డులో అడుగుపెట్టగానే కోడ్లు చెరిపేసే అలవాటు కొందరికి ఉంది, దానితో ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది.

4.2 ఆయిల్, ఫిల్టర్. ఆయిల్‌ను శుభ్రమైన ట్రేలోకి దించండి. ఫిల్టర్‌ను కట్టర్‌తోనే కోయాలి. యాక్సా బ్లేడుతో కోస్తే ఆ రంపపు పొట్టే లోపల పడి, ఇంజిన్ నుంచి వచ్చిన లోహం ఏదో తెలియకుండా పోతుంది. లోపలి కాగితపు మడతలను బయటికి తీసి, పిండి, తెల్ల కాగితం మీద పరిచి ఎండలో పెట్టి పక్కవాటుగా చూడండి. సన్నటి మెరుపు ధూళి అక్కడక్కడా ఉంటే భయపడనక్కర్లేదు. గోటితో పట్టుకోగలిగిన రేకులు, మడతల మధ్య గీతలుగా పేరుకున్న మెరుపు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు, అంటే టైమింగ్ చైన్, కామ్, ఆయిల్ పంపు వైపు చూడాలి. అంటుకోకుండా రాగి రంగులోనో బూడిద రంగులోనో ఉంటే బేరింగ్ షెల్స్ పోయినట్టే. తెల్లగా మెరిసే అల్యూమినియం ముక్కలు పిస్టన్‌వి కావచ్చు.

4.3 చేత్తో తిప్పడం. ప్లగ్గులు, డీజిల్‌లో హీటర్ ప్లగ్గులు అన్నీ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడవాటి రెంచ్ పెట్టి, ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే అక్కడే ఆపండి. బలం పెట్టి దాటించకండి.

4.4 బోరోస్కోప్. ప్రతి సిలిండర్‌లోకి కెమెరా దించి పిస్టన్ నెత్తిని చూడండి. వాల్వు తగిలి ఉంటే నల్లటి కార్బన్ పొర మీద నెలవంక ఆకారంలో తెల్లగా మెరిసే గాటు పడుతుంది. అది ఇన్‌టేక్ వైపా, ఎగ్జాస్ట్ వైపా అన్నది రాసుకోండి. గాటు లేకపోయినంత మాత్రాన వాల్వు స్ప్రింగులు బాగున్నాయని కాదు.

4.5 కంప్రెషన్. చేత్తో స్వేచ్ఛగా తిరిగి, దించిన ఆయిల్‌కు, ఫిల్టర్‌కు బదులు కొత్తవి వేసిన తరువాతే ఈ మెట్టు. బ్యాటరీ పూర్తి చార్జిలో ఉండాలి, అన్ని ప్లగ్గులూ బయట ఉండాలి, కాయిల్ కనెక్టర్లు, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయాలి, పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి. ఒక్కో సిలిండర్‌కు ఆరేడు తిప్పుళ్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న చాలా పెట్రోల్ ఇంజిన్లు 150 నుంచి 190 పీఎస్‌ఐ చుట్టూ చూపుతాయి, డీజిల్ అంతకు రెట్టింపు పైనే చూపుతుంది. అసలు ప్రమాణం మాత్రం మీ మాన్యువల్‌లోని అంకె. అంకె ఎంత అన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. తేడా 15 శాతం దాటితే పెట్రోల్ ఇంజిన్‌లో ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. డీజిల్‌లో ఆయిల్ పోసే ఈ పద్ధతి వద్దు.

4.6 లీక్‌డౌన్. అతిగా తిరిగిన ఇంజిన్‌కు నేను అన్నింటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష ఇదే. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో గాలి ఎక్కించి, ఎక్కడి నుంచి బుస వస్తోందో వినండి. థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ ప్యాకింగ్.

5. రిపేరా, మార్పిడా?

లీకు వాల్వుల్లోనే ఉండి, ఫిల్టర్ శుభ్రంగా ఉండి, పిస్టన్ మీద గాటు లోతుగా లేకపోతే హెడ్ పని చాలు. వంగిన వాల్వుతో పాటు అన్ని వాల్వు స్ప్రింగులు, సీళ్లు, వాల్వు గైడ్లు చూడాలి. వంగిన ఒక్క వాల్వునే మార్చి మూసేస్తామంటే ఒప్పుకోకండి.

ఆర్‌పీఎం హద్దును బాగా దాటిందని లెక్కలో తేలితే ఆయిల్ చాంబర్ దించి, రాడ్డు బోల్టులు, బేరింగ్ షెల్స్ చూడకుండా హెడ్ పనితో సరిపెట్టకూడదు. సాగిన రాడ్డు బోల్టు కంటికి తెలియదు, చప్పుడు చేయదు, రెండు నెలల తరువాత హైవే మీద తెగుతుంది. కొత్త బోల్టుల ఖర్చు తక్కువ, వాటిని తప్పించుకోవడంలో అర్థం లేదు.

ఫిల్టర్‌లో బేరింగ్ లోహం, క్రాంక్ మీద గాట్లు, బ్లాకులో పగులు, వీటిలో ఒకటి ఉన్నా మార్పిడి వైపు ఆలోచించండి. క్రాంక్‌ను లేత్‌లో గ్రైండింగ్ చేయించి, బోర్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించవచ్చు. అది మంచి లేత్ దొరికి, మీ మోడల్‌కు ఓవర్‌సైజ్ సామాను దొరికితేనే.

6. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎంచుకోవడం

బండి పేరు ఒకటే అయినంత మాత్రాన ఇంజిన్ సరిపోదు. ఇంజిన్ కోడ్ అక్షరం అక్షరం కలవాలి; బీఎస్4, బీఎస్6 కాలుష్య ప్రమాణాల ఇంజిన్ల మధ్య సెన్సార్లు, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు), ఇంజెక్టర్లు వేరుగా ఉండవచ్చు. అన్నింటికంటే మోసం చేసేది క్రాంక్ సెన్సార్ చదివే పళ్ల చక్రం. కొన్నింటిలో 60 పళ్లలో రెండు తీసేసి ఉంటాయి, కొన్నింటిలో 36లో ఒకటి. బ్లాకు ఒకేలా ఉండి ఈ చక్రం వేరైతే సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, బండి మాత్రం జన్మలో స్టార్ట్ కాదు.

కొనే ముందు చూడవలసినవి:

- ఇంజిన్ నంబరు స్పష్టంగా ఉందా, గీకిన గుర్తులు ఉన్నాయా
- అమ్మేవారి బిల్లు, పాత బండి పత్రాలు లేదా స్క్రాప్ ధ్రువపత్రం ఉన్నాయా
- ఆయిల్ మూత కింద పాలు కలిసిన కాఫీ రంగు జిగురు ఉందా
- చేత్తో రెండు చుట్లు తిరుగుతోందా
- అక్కడికక్కడే లీక్‌డౌన్ పరీక్షకు ఒప్పుకుంటున్నారా
- ప్లగ్గు రంధ్రాల్లో, ఇన్‌టేక్ పోర్టుల్లో తుప్పు ఉందా

చివరి అంశం మన ఊళ్లో తేలిగ్గా తీసుకోదగినది కాదు. సముద్రపు గాలి తగిలే షెడ్డులో పోర్టులు మూయకుండా నెలల తరబడి పడి ఉన్న ఇంజిన్‌లో సిలిండర్ గోడలు తుప్పు పడతాయి. బోరోస్కోప్ పెట్టనివ్వని ఇంజిన్‌ను కొనకండి. “నడుస్తున్న బండిలోంచి దింపాం సార్, పూచీ నాది” అన్న మాటను బిల్లు మీద, ఎన్ని రోజుల పూచీయో కలిపి రాయించుకోండి.

7. బిగించే ముందు: పాత ఇంజిన్ విషం కొత్తదానిలోకి వెళ్లకుండా

రెండో ఇంజిన్లు చచ్చేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

పాత ఇంజిన్‌లో బేరింగ్ పోయి ఉంటే ఆ లోహపు పొడి ఆయిల్ కూలర్ సన్నటి దారుల్లో దాక్కుని ఉంటుంది. దాన్ని కడిగి శుభ్రం చేశామని ఎవరు చెప్పినా నమ్మడం కష్టం. కూలర్ కొత్తది వేయడమే మేలు. టర్బో ఆయిల్ పైపులు కూడా అంతే.

వాల్వు విరిగి ఉంటే ముక్కలు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి వెనక్కి ఎగిరి ఉండవచ్చు. పాత మానిఫోల్డ్‌ను కొత్త ఇంజిన్‌కు తగిలించే ముందు తలకిందులు చేసి కుదిపి, లోపల కెమెరా తిప్పి చూడాలి. బియ్యపు గింజంత ముక్క మిగిలినా మొదటి నిమిషంలోనే కొత్త పిస్టన్ మీద పడుతుంది. డీజిల్ రైజింగ్‌తో పోయిన ఇంజిన్ అయితే ఇంటర్‌కూలర్ అడుగున ఆయిల్ నిలిచి ఉంటుంది. దాన్ని దించకుండా కొత్త ఇంజిన్ స్టార్ట్ చేస్తే అదే ప్రమాదం మళ్లీ జరుగుతుంది.

సైలెన్సర్‌లోని, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. మిస్సింగ్‌తో కొన్నాళ్లు తిరిగిన బండిలో కాలని పెట్రోల్ అక్కడ మండి, లోపలి తేనెపట్టు కరిగి దారి మూసుకుపోతుంది. అవతల చివర లైటు పెట్టి ఇవతల నుంచి చూడండి. వెలుతురు రాకపోతే కొత్త ఇంజిన్ కూడా ఊపిరాడక పికప్ ఇవ్వదు.

బిగింపుకు ముందు తప్పక మార్చవలసినవి, ఇంజిన్ బయట ఉండగానే:

- టైమింగ్ బెల్టు లేదా చైన్, టెన్షనర్లు
- వాటర్ పంపు, థర్మోస్టాట్
- క్రాంక్ ముందు, వెనక ఆయిల్ సీళ్లు
- క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు (గేరు తప్పిన బండిలో క్లచ్ ప్లేటు స్ప్రింగులు దెబ్బతిని ఉండవచ్చు)
- ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు
- ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ప్యాకింగులు

ఈసీయూ మాత్రం మీ బండిదే ఉంచండి. తాళం చెవిలోని ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే చిప్) దానితోనే జతపడి ఉంటుంది. ఆటోమేటిక్ బండి అయితే, ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో కొలిచి, తరువాతే ఇంజిన్‌ను జత చేయాలి. బోల్టులతో లాగి దగ్గరకు తెస్తే గేరుబాక్సు ఆయిల్ పంపు పగులుతుంది. హెడ్ విప్పి ఉంటే, సాగే రకం హెడ్ బోల్టులను రెండోసారి వాడకండి.

8. మొదటి స్టార్ట్

ఆయిల్ పోసి, ఫిల్టర్ నిలువుగా బిగించేది అయితే దాన్ని కూడా ఆయిల్‌తో నింపి బిగించండి. కూలెంట్‌ను డీమినరలైజ్డ్ నీటితో సగానికి సగం కలపండి. బోరు నీరు వద్దు.

ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, డీజిల్ అయితే ఇంజెక్టర్ కనెక్టర్లు విప్పి, పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ తిప్పండి. నిమిషం ఆగి మళ్లీ తిప్పండి. ఆయిల్ లైటు ఆరేదాకా ఇదే పని. లైటు ఆరకుండా ఫ్యూజు పెట్టకండి.

స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ తొక్కకండి. రైజ్ చేసి శబ్దం వినాలన్న ఆత్రం ప్రతి షెడ్డులోనూ ఉంటుంది, దాన్ని ఆపవలసింది యజమానే. ఐడిల్‌లో ఉంచి ఆయిల్ లైటు, కింద లీకులు, సైలెన్సర్ పొగ చూడండి. హీటర్‌ను వేడి వైపు పూర్తిగా తిప్పి ఉంచితే ఎయిర్ లాక్ పోతుంది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లోనే ఉంచి, ఆఫ్ చేసి, చల్లారాక కూలెంట్ మట్టం చూసి నింపండి.

ఆ తరువాత స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్న్ (దాని స్థితిని ఈసీయూకు మళ్లీ నేర్పించడం), కొన్ని కంపెనీల బండ్లలో క్రాంక్ సెన్సార్ రీలెర్న్ చేయాలి. డీజిల్‌లో ఇంజెక్టర్లు మారితే ఒక్కోదాని నెత్తిన ఉన్న కోడ్‌ను ఈసీయూలో రాయాలి.

9. మార్చిన ఇంజిన్ మొరాయిస్తే

ఇంజిన్ మీద నింద వేయకముందు చేయవలసిన మొదటి పని ఎర్తింగు చూడటం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే అనుమానించాలి, 0.5 దాటితే ఎర్తు తీగ మార్చాలి. విశాఖలో పదేళ్లు తిరిగిన బండికి ఈ తీగ కొసన రాగి మీద ఆకుపచ్చని పొర పేరుకుని ఉంటుంది. పైకి ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, దాన్ని వెనక్కి జరిపితే లోపల తీగ పొడిపొడిగా రాలుతుంది. ఇంజిన్ దింపేటప్పుడు విప్పిన ఎర్తు తీగను తిరిగి రంగు పూసిన చోట బిగించడం మరో మామూలు పొరపాటు. రంగు గీకి, లోహం మీద బిగించాలి.

సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు. స్కానర్ లైవ్ డేటాలో, సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం చూడండి. సున్నా అని చూపితే క్రాంక్ సెన్సార్, దాని కనెక్టర్, లేదా 6వ మెట్టులో చెప్పిన పళ్ల చక్రం. ఆర్‌పీఎం 200 పైన చూపుతూ ఉంటే ఇంధనం వైపు వెళ్లండి. కామన్ రైల్ డీజిల్‌లో (ఇంజెక్టర్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) రైలు, అంటే ఆ గొట్టం, ఒత్తిడి సుమారు 200 బార్‌కు చేరకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవు. ఎక్కువసార్లు లైనులో గాలి మిగిలి ఉండటమే కారణం. పీ0016 వస్తే టైమింగ్ గుర్తులు మళ్లీ చూడండి, సెన్సార్ మార్చి చేతులు దులుపుకోకండి.

ఐడిల్ ఎక్కువగా ఉంది, ఊగుతోంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడండి. ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది: ఇన్‌టేక్ ప్యాకింగ్, బ్రేకు బూస్టర్ పైపు, తగిలించడం మరిచిన చిన్న వాక్యూమ్ గొట్టం. రెండు చోట్లా ఎక్కువగానే ఉంటే ఇంధన ఒత్తిడి, గాలి కొలిచే సెన్సార్. వేడి ఇంజిన్ మీద క్లీనర్ చల్లి లీకు వెతికే పద్ధతిలో మంటలు లేస్తాయి. పైపుల్లోకి పొగ పంపి లీకు చూపే స్మోక్ మిషన్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి.

ఒక సిలిండర్ మిస్సింగ్. కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. కోడ్ దాని వెంట వెళితే కాయిల్ తప్పు. వెళ్లకపోతే ప్లగ్గు, తరువాత ఇంజెక్టర్, ఇదే పద్ధతిలో. ఇవన్నీ బాగుంటేనే కంప్రెషన్ చూడాలి. కాయిళ్లు, ఇంజెక్టర్లు పాత ఇంజిన్‌వే కదా, ముందు అనుమానం వాటి మీదే ఉండాలి.

కింద బాగుంది, పైకి లాగడం లేదు. కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. ముందు ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రానికి ఒత్తిడి గేజీ పెట్టి, 2500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే అడ్డు ఉన్నట్టే. అది కాకపోతే వాల్వు స్ప్రింగుల బలహీనత, టర్బో పైపుల లీకు.

టాపెట్ సౌండ్ (పైన వాల్వుల దగ్గర వచ్చే చప్పుడు). హైడ్రాలిక్ రకమైతే మొదటి పావుగంటలో తగ్గిపోవచ్చు. తగ్గకపోతే నిజమైన ఆయిల్ ప్రెషర్ గేజీ పెట్టించండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ అన్నది పాతకాలపు లెక్కే అయినా తొలి అంచనాకు పనికొస్తుంది. కింది నుంచి బరువైన “టక్ టక్” వస్తూ, లోడు పడగానే పెరిగితే అది టాపెట్ కాదు, రాడ్డు బేరింగు. వెంటనే ఆపేయండి.

వేడెక్కుతోంది. ముందు ఎయిర్ లాక్, తరువాత ఫ్యాన్ కనెక్టర్, ఆ తరువాత థర్మోస్టాట్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన కొద్ది క్షణాలకే పై గొట్టం రాయిలా బిగుసుకుంటే హెడ్ ప్యాకింగ్ లీకు.

10. మొదటి వెయ్యి కిలోమీటర్లు

మొదటి రోజు ఊరు దాటకండి. బీచ్ రోడ్డు సాయంత్రపు రద్దీలో ఆగి ఆగి నడిపితే కూలింగ్ లోపాలు బయటపడతాయి, బండి ఆగినా ఇల్లు దగ్గరే. తరువాత ఆనందపురం వైపు హైవే మీద 60 నుంచి 80 కి.మీ. మధ్య వేగం మారుస్తూ నడపండి. బోర్ చేయించి రింగులు మార్చిన ఇంజిన్ అయితే గంటల తరబడి ఒకే వేగంలో పోకూడదు, పై గేరులో ఇంజిన్‌ను గింజుకునేలా కూడా చేయకూడదు. వెయ్యి కిలోమీటర్లు దాటేదాకా పెట్రోల్‌ను 3500, డీజిల్‌ను 2500 ఆర్‌పీఎం లోపు ఉంచితే మంచిది. అదివరకే అరిగి కుదిరిన సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌కు ఇంత నియమం అక్కర్లేదు, మొదటి కొద్దిరోజుల నిఘా చాలు. ఘాట్ ఎక్కడం ఇవన్నీ అయ్యాకే.

- ప్రతి ఉదయం, స్టార్ట్ చేయకముందే ఆయిల్, కూలెంట్ మట్టం
- 500 కి.మీ. దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్పు, పాత ఫిల్టర్ కోసి చూడటం
- ఫౌండేషన్, ఎగ్జాస్ట్ బోల్టుల బిగువు
- 1000 కి.మీ. దగ్గర మళ్లీ స్కానర్, ఫ్యూయల్ ట్రిమ్

ఘాట్ దిగేటప్పుడు గేరు తప్పకుండా ఉండాలంటే దిగుడు మొదలయ్యే ముందే, వేగం తగ్గించుకుని, గేరు తగ్గించండి. లివర్‌ను పిడికిలితో పట్టి లాగకండి. నాలుగు నుంచి మూడుకు వచ్చేటప్పుడు అరచేతితో ముందుకు నెట్టి వదిలేస్తే స్ప్రింగే దాన్ని మధ్య గీతలో ఉంచుతుంది. ఎడమవైపు లాగుడు ఉంటేనే మొదటి గేరు పడుతుంది. గేరు కేబుల్ బుష్షులు అరిగి లివర్ వదులుగా ఊగుతుంటే ఇంజిన్‌తో పాటే అవీ మార్పించండి.

11. పత్రాలు

ఇంజిన్ నంబరు మారింది కనుక ఆర్‌సీలో కొత్త నంబరు నమోదు కావాలి. కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఏ పత్రాలు కావాలో రాసుకుని, ఆ పత్రాలు ఇవ్వగలిగిన అమ్మకందారు దగ్గరే కొనండి. నమోదు పూర్తయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త నంబరుతో లేఖ ఇచ్చి, పాలసీలో సవరణ చేయించుకుని, ఆ కాపీని ఇంజిన్ బిల్లుతో కలిపి బండిలో కాకుండా ఇంట్లో ఉంచండి.